ఆరోగ్య సమాచారం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి రిపోర్టు వస్తుంది. డాక్టరు రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తారు. రాత్రి అందరూ పడుకున్నాక ఒకరు ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఈ పేజీ అలా కూర్చున్నవాళ్ళ కోసం. ఇక్కడ వైద్యం చెప్పడం లేదు. చదువుతున్నది నమ్మాలా వద్దా అని తేల్చుకునే పద్ధతులు మాత్రమే ఉన్నాయి.

గూగుల్‌లో అన్నిటికన్నా పైన వచ్చేదే సరైన సమాచారమా?

కాదు. ‘స్పాన్సర్డ్’ అన్న మాట ఉంటే అది ఆస్పత్రో, ల్యాబో, మందులు అమ్మేవాళ్ళో డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. దాని కింద చాలాసార్లు కార్పొరేట్ ఆస్పత్రుల వ్యాసాలు వస్తాయి. వాటిలో జబ్బు లక్షణాల వర్ణన సాధారణంగా బాగానే ఉంటుంది. ఆపరేషన్ ఎప్పుడు అవసరం, ఏ పరీక్ష చేయించాలి అన్న భాగానికి వచ్చేసరికి జాగ్రత్తగా చదవాలి. ఆ పేజీ చివర ‘అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండి’ అన్న బొత్తాం ఎందుకుందో గుర్తుంచుకోండి.

పైన గడిలో కనిపించే చిన్న జవాబును మాత్రం ఎప్పుడూ అక్కడికక్కడే నమ్మొద్దు. మూర్ఛ వచ్చిన మనిషికి చెయ్యకూడని పనుల జాబితాను చెయ్యాల్సిన పనులన్నట్టు గూగుల్ చూపించిన సంగతి 2021లో బయటపడింది. అసలు పేజీలో ‘చెయ్యకూడదు’ అనే ఉంది. గడిలోకి కత్తిరించినప్పుడు ఆ మాట పోయింది. కాబట్టి లింకు నొక్కి అసలు పేజీలోకి వెళ్ళి, ఆ వాక్యానికి పైనా కిందా ఏముందో చదవాలి.

తెలుగులో వెతకాలా, ఇంగ్లీషులోనా? అసలు ఏ పేరుతో వెతకాలి?

చాలామంది దారి తప్పేది ఇక్కడే, చదవడం మొదలుపెట్టకముందే. మనం ఇంట్లో వాడే మాటలు బాధను చెబుతాయి, జబ్బును చెప్పవు. ‘గ్యాస్ నొప్పి’ అని కొడితే వాము, ఇంగువ చిట్కాలు వస్తాయి. గుండెపోటు నొప్పి కూడా చాలామందికి గ్యాస్ లాగే మొదలవుతుంది, కానీ ఆ మాటతో వెతికినవారికి గుండె గురించిన పేజీ రాదు. ‘నరాల బలహీనత’ అని కొడితే లైంగిక శక్తి మందుల ప్రకటనలు వరుస కడతాయి. వెతికినవారికున్నది షుగర్ వల్ల పాదాల తిమ్మిరో, బీ12 లోపమో కావచ్చు. ‘తల తిరుగుతోంది’ అన్న మాటలో కనీసం రెండు వేరు వేరు సంగతులున్నాయి. గది గిర్రున తిరిగినట్టుంటే ఒకటి, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే ఇంకొకటి. ‘కామెర్లు’ అయితే జబ్బు పేరే కాదు, ఎన్నో జబ్బుల్లో కనిపించే లక్షణం.

అందుకని ప్రిస్క్రిప్షన్ తీసి, డాక్టరు రాసిన పేరు చూడండి. టీ2డీఎం అంటే టైప్ 2 మధుమేహం. హెచ్‌టీఎన్ అంటే బీపీ. సీకేడీ అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఏపీడీ అంటే కడుపులో ఆమ్లం వల్ల వచ్చే ఇబ్బంది. కేసీఓ అని ముందు ఉంటే ‘ఈ జబ్బు ఇదివరకే ఉంది’ అని అర్థం. మందు పక్కన ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే. ఓడీ అన్న రెండక్షరాలు ఇంగ్లీషు నెట్‌లో మోతాదు మించిపోవడానికి కూడా వాడతారు, అది చూసి కంగారు పడొద్దు. రాత అర్థం కాకపోతే మందుల షాపులో ఫార్మసిస్టుని అడిగి, ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాయించుకోండి. సరైన పేరు చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

ప్రశ్న అడిగే తీరు వల్ల కూడా జవాబు మారుతుందా?

బాగా మారుతుంది. ‘బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెంచుకోవడం ఎలా’ అని వెతికితే ఎలా పెంచుకోవాలో చెప్పే పేజీలే వస్తాయి. పెరుగుతాయన్నది మీరు ముందే ఒప్పుకుని అడిగారు. ‘డెంగ్యూలో ప్రమాద సూచనలు ఏమిటి’ అని అడిగితే ఫలితాలు వేరుగా ఉంటాయి. డెంగ్యూలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం. అది జ్వరం తగ్గుతున్న రోజుల్లో, అంటే సుమారు 3 నుంచి 7వ రోజు మధ్య వస్తుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా ఉండటం దాని గుర్తులు. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే సమయమే అది. ఆకు రసం వెతుకుతూ కూర్చున్న ఇంట్లో ఈ గుర్తులు ఎవరి కంటా పడవు.

ఒక సైటు నమ్మదగ్గదో కాదో త్వరగా ఎలా తేల్చుకోవాలి?

పేజీ పైనుంచి కాదు, అడుగునుంచి చూడటం మొదలుపెట్టండి. ఎవరు రాశారు, ఏ వైద్యుడు సరిచూశారు, ఎప్పుడు సరిచూశారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్నవి అక్కడే ఉంటాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ జబ్బుల పేజీల అడుగున చివరిసారి సమీక్షించిన తేదీ, తిరిగి సమీక్షించాల్సిన తేదీ రెండూ ఉంటాయి. ఇలాంటిది కనబడితే ధైర్యంగా చదవొచ్చు. మందులు, టీకాలు, చికిత్స గురించిన పేజీ మీద తేదీ లేకపోయినా, ఉన్న తేదీకి మూడేళ్ళు దాటినా, ఇంకోచోట కూడా సరిచూసుకోండి. ఎముకలు ఎన్ని, కాలేయం ఏం చేస్తుంది లాంటి విషయాలకు పాత తేదీ ఉన్నా ఫర్వాలేదు.

తర్వాత అదే పేజీలో ఆ మందో, పొడో, కోర్సో అమ్ముతున్నారా చూడండి. అమ్మేవాడు చెప్పినదంతా అబద్ధమని కాదు. కానీ ‘ఇది మీకు అక్కర్లేదు’ అన్న మాట అక్కడ ఎప్పటికీ కనిపించదు. మంచి పేజీకి అసలైన గుర్తు ఆ మాట ఉండటమే. చికిత్స వల్ల లాభంతో పాటు నష్టం, ఎవరికి పనికిరాదు, ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉంటే ఏమవుతుంది అన్నవి కూడా రాస్తారు.

చిరునామా చివర డాట్ ఓఆర్‌జీ ఉంటే సేవా సంస్థ అనుకోవచ్చా? నాణ్యత ముద్రల సంగతేంటి?

డాట్ ఓఆర్‌జీ ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ జీఓవీ డాట్ ఇన్ మాత్రం మన ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ముద్రల్లో ఒకప్పుడు పేరున్నది స్విట్జర్లాండ్ సంస్థ ఇచ్చే హాన్‌కోడ్. ఆ సేవ 2022 డిసెంబరులో ఆగిపోయింది. ఇవాళ ఏ సైటు మీదైనా ఆ ముద్ర కనిపిస్తే అది పాత బొమ్మే, దాని వెనక తనిఖీ ఏదీ లేదు.

మొదలుపెట్టడానికి నాలుగు మంచి చోట్లు చెప్పండి.

జబ్బుల గురించి సులువైన ఇంగ్లీషులో చదవాలంటే మెడ్‌లైన్‌ప్లస్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998 నుంచి నడుపుతోంది, ప్రకటనలు ఉండవు. ఎన్‌హెచ్‌ఎస్ సైటులో వాక్యాలు ఇంకా చిన్నవి, పదో తరగతి ఇంగ్లీషు చాలు. క్యాన్సర్‌కు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పేజీలు చూడండి. ఒకే విషయం మీద రోగులకు ఒకటి, వైద్యులకు ఒకటి అని రెండు కూర్పులు పెడతారు. ముందు రోగుల కూర్పు చదివి, అర్థమయ్యాక రెండోది తెరవండి. ఏదైనా చికిత్స నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు కాక్రేన్ సంస్థ రాసే సులభ సారాంశాలు మంచివి. పాలిచ్చే తల్లి ఫలానా మందు వాడొచ్చా అన్నదానికి ల్యాక్ట్‌మెడ్ అన్న ఉచిత సమాచార నిధి ఉంది. అందులో ఆ మందు పాలలోకి ఎంత వెళుతుందో, బదులుగా ఏది వాడవచ్చో రాసి ఉంటుంది.

తిండి విషయానికి విదేశీ సైట్లు అంతగా పనికిరావు. ఓట్స్, బ్లూబెర్రీల లెక్కలతో మనకు పనేముంది? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు, 2024 మే నెలలో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. జొన్న, రాగి, కందిపప్పు, మునగాకు లెక్కలు అక్కడ చూడండి.

ఒక సైటు లోపలే వెతకాలంటే గూగుల్‌లో ఇంగ్లీషులో ‘సైట్’ అని కొట్టి, వెంటనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ సైటు చిరునామా రాసి, తర్వాత ఖాళీ ఇచ్చి జబ్బు పేరు కొట్టండి. ప్రకటనల బెడద చాలావరకు పోతుంది.

తెలుగులోనే చదవాలంటే?

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ నడిపే వికాస్‌పీడియా సైటులో తెలుగు ఆరోగ్య విభాగం ఉంది. తల్లీబిడ్డల ఆరోగ్యం, అంటువ్యాధులు, ప్రథమ చికిత్స లాంటి వాటికి బాగానే పనికొస్తుంది. మందుల మోతాదులకు మాత్రం దాని మీద ఆధారపడొద్దు. ఇంగ్లీషు పేజీని యంత్రంతో తెలుగులోకి మార్చుకుని చదివేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: యంత్రం ఎక్కువగా తప్పేది ‘కాదు’, ‘తప్ప’, ‘వరకు’ లాంటి చిన్న మాటల దగ్గర, అంకెల పక్కనున్న ప్రమాణాల దగ్గర. మోతాదు, ‘చెయ్యకూడదు’ ఉన్న వాక్యాలను ఇంగ్లీషు అసలుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషు రానివారికి చదివి చెప్పే పిల్లలకూ ఇదే మాట.

లండన్‌లో ఉన్న అబ్బాయి పంపిన లింకులో షుగర్ 7 ఉంటే మధుమేహం అంటున్నారు. మాకు 118 వచ్చింది. ఏమిటిది?

కొలత వేరు. మన ల్యాబుల్లో షుగర్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో లీటరుకు మిల్లీమోల్స్‌లో. వాళ్ళ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 7ను 18తో గుణిస్తే 126, పరగడుపు షుగర్‌లో మధుమేహానికి గీత అదే. 118 దానికి లోపలే ఉంది, కానీ 100 దాటింది కాబట్టి దాన్ని మధుమేహానికి ముందు దశ అంటారు. డాక్టరుతో మాట్లాడాలి.

మిగతావీ ఇలాగే. కొలెస్ట్రాల్‌కు వాళ్ళ అంకెను 38.7తో, క్రియాటినిన్‌కు మన అంకెను 88.4తో గుణించాలి. అంటే మనకు 1.1 అయితే వాళ్ళకు సుమారు 97. విటమిన్ డీ మనకు 20 అయితే వాళ్ళకు 50. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మనకు 6.5 శాతం అయితే బ్రిటన్‌లో 48. హిమోగ్లోబిన్ మనకు 12 అయితే వాళ్ళకు 120. అంకె మాత్రమే చూసి భయపడ్డవాళ్ళూ ఉన్నారు, ‘మనకు బాగానే ఉంది’ అని మందు మానేసినవాళ్ళూ ఉన్నారు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

కొలత ఒకటే అయినా గీత వేరైన చోట్లూ ఉన్నాయి. బరువు లెక్క బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని అమెరికా సైట్లు చెబుతాయి. మన శరీరాల్లో అంతకన్నా తక్కువ బరువుకే పొట్ట దగ్గర కొవ్వు చేరి షుగర్, గుండెజబ్బు మొదలవుతాయి. అందుకని మనకు 23, 25 అన్న గీతలు వాడతారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. బీపీకి అమెరికా 2017 నుంచి 130/80 దగ్గరే గీత గీసింది, మన వైద్యులు ఎక్కువగా 140/90 పాటిస్తారు. ఎవరిదీ తప్పు కాదు. మీ డాక్టరు ఏ గీత ప్రకారం మందు రాశారో అడిగి తెలుసుకోండి.

హెల్త్ ప్యాకేజీ రిపోర్టులో నాలుగు అంకెలు ముద్దక్షరాల్లో వచ్చాయి. నెట్‌లో చూస్తే అన్నీ పెద్ద జబ్బులే.

రిపోర్టులో పక్కన రాసే ‘సాధారణ పరిధి’ని చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది పడేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని 100 మందిలో ఐదుగురు ఎలాగూ గీత బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి ముద్దక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీలో ఏదీ రాకపోతేనే ఆశ్చర్యం. ముందు చూడాల్సింది గీతకు ఎంత దూరంలో ఉందన్నది, తర్వాత పాత రిపోర్టులో అదే అంకె ఎంత ఉందన్నది. అదే ల్యాబులో చేయించిన పాత రిపోర్టు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే పద్ధతిని బట్టి పరిధులు మారతాయి.

మందు గురించి వెతికేటప్పుడు ఏం చూసుకోవాలి?

బ్రాండు పేరుతో వెతకొద్దు. స్ట్రిప్ మీద బ్రాండు పేరుతో పాటు ఉండే మందు అసలు పేరుతో వెతకండి. ఒకే బ్రాండు పేరు చివర ఒక అక్షరం, ఒక అంకె మారితే లోపలి మందే మారిపోతుంది మన దేశంలో. ఇంకో చిక్కు, అమెరికాలో కొన్నిటికి పేర్లే వేరు. మన పారాసిటమాల్ వాళ్ళకు ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబురైడ్. అమెరికా నుంచి టైలినాల్ (అక్కడి పారాసిటమాల్ బ్రాండు) తెచ్చిన బంధువులు అది ‘వేరే మందు’ అనుకుని మన పారాసిటమాల్‌తో కలిపి ఇస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. జలుబు బిళ్ళల్లోనూ చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవారికి అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. 650 బిళ్ళ ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు. కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ తాగేవారికి, బక్కగా ఉన్నవారికి ఇంకా తక్కువ.

దుష్ప్రభావాల జాబితా చూసి మందు మానేయొద్దు. జాబితాలో ‘చాలా సాధారణం’ అంటే 10 మందిలో ఒకరికన్నా ఎక్కువ మందికి, ‘సాధారణం’ అంటే 10 నుంచి 100 మందిలో ఒకరికి, ‘అరుదు’ అంటే 1,000 నుంచి 10,000 మందిలో ఒకరికి, ‘చాలా అరుదు’ అంటే అంతకన్నా తక్కువ మందికి అని అర్థం. భయపెట్టే పేర్లు ఎక్కువగా చివరి రెండింటిలో ఉంటాయి. మందు వల్ల నిజంగా ఇబ్బంది వచ్చిందనిపిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు, దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమం వారి ఉచిత నంబరు 1800 180 3024కు మీరే చెప్పొచ్చు.

మందు అసలుదేనా అన్న అనుమానానికి: ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన సరుకుకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు వివరాలు రావాలి, స్ట్రిప్ మీద ఉన్నవాటితో కలవాలి. ధర సరిచూసుకోవడానికి మందుల ధరలు నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ వారి ఫార్మా సహీ దామ్ యాప్ ఉంది.

పిల్లాడికి విరేచనాలు. షాపులో ఓఆర్‌ఎస్ అని డబ్బా ఇచ్చారు. చాలదా?

డబ్బా మీది పేరు కాదు, వెనక ఉన్న సన్నక్షరాలు చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. చక్కెర అంతకు ఎన్నో రెట్లుండి, లవణాలు తక్కువున్న తీపి పానీయాలు చాలాకాలం ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యాయి. చక్కెర ఎక్కువైతే పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది.

పాకెట్ కొన్నాక జరిగే తప్పు కలపడంలో. లీటరు పాకెట్‌ను గ్లాసుడు నీటిలో కొంచెం కొంచెంగా కలపకూడదు, ఒకేసారి మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయాలి. పాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి తలకొట్టిన చెంచాలతో చక్కెర ఆరు, ఉప్పు అర. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూను.

పసరు మందుతో కామెర్లు తగ్గాయని ఎంతోమంది రాశారు. అదీ అనుభవమే కదా?

అనుభవం నిజమే, కారణం వేరు కావచ్చు. హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగినా, తాగకపోయినా తగ్గేవే. పిత్తనాళానికి రాయి అడ్డుపడ్డా, గడ్డ ఉన్నా, హెపటైటిస్ బీ అయినా పసరు కోసం తిరిగిన కాలమంతా నష్టం. అలా నష్టపోయినవాళ్ళు వచ్చి కామెంటు రాయరు. తగ్గినవాళ్ళ మాటలే మీకు కనిపిస్తాయి.

‘హాని లేదు’ అన్న మాటను ‘పనిచేస్తుంది’ అని చదువుకోవడం ఇంకో పొరపాటు. 2021లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం మందు విషయంలో జనం సరిగ్గా అలాగే చదువుకున్నారు. హాని కనిపించలేదన్న నివేదిక ఆధారంగా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదనీ, డాక్టర్లు ఇచ్చిన మందులు మానొద్దనీ అప్పుడే చెప్పింది. కంటి చుక్కలకు ఆనాడు అనుమతి ఇవ్వలేదు. ప్రచారంలోకి వచ్చింది మాత్రం ‘అనుమతి’ అన్న ఒక్క మాట.

మూలికల వల్ల కాలేయానికి ఏమవుతుందో చూడాలంటే లివర్‌టాక్స్ అన్న ఉచిత సైటు ఉంది, అశ్వగంధ గురించి అందులో పేజీ ఉంది. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. వాడింది తిప్పతీగను పోలిన వేరే తీగ అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ బదులిచ్చింది. ఇద్దరి వాదనా చదివితే ఒకటి తేలుతుంది: పెరటి గోడ మీది తీగ ఏదో కచ్చితంగా తెలియకుండా కషాయం కాచుకోవడం క్షేమం కాదు.

‘ముప్పు రెండింతలు’ అని వార్త చూశాం. ఎంత భయపడాలి?

దేనికి రెండింతలో చూడాలి. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని హెచ్చరిక వచ్చింది. అసలు లెక్క 7,000 మందిలో ఒకరికి బదులు ఇద్దరు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. భయపడి మాత్రలు మానినవాళ్ళకు వద్దనుకున్న గర్భాలు వచ్చాయి, మరుసటి ఏడు గర్భస్రావాలు వేలల్లో పెరిగాయి. గర్భంలో రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కన్నా ఎక్కువ. వార్తలో శాతాలు, రెట్లు మాత్రమే ఉండి, ‘ఇంతమందిలో ఇంతమందికి’ అన్న లెక్క లేకపోతే ఆ వార్త సగమే.

పబ్‌మెడ్‌లో ఉందంటే నిజమే కదా?

పబ్‌మెడ్ వైద్య పరిశోధన వ్యాసాల సూచిక మాత్రమే. లైబ్రరీలో పుస్తకం ఉన్నంత మాత్రాన అందులోదంతా నిజం కానట్టే ఇదీ. శీర్షికలో ఎలుకలు, కణాలు అన్న మాటలుంటే మనుషుల మీద ఇంకా తేలలేదని అర్థం. ప్రీప్రింట్ అంటే తోటి నిపుణులు ఇంకా పరిశీలించనిది. వెనక్కి తీసుకున్న వ్యాసం పైన ఆ మాట ఎర్రగా ఉంటుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసం 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. దాని మీద ఆధారపడ్డ వీడియోలు నేటికీ తెలుగులో తిరుగుతున్నాయి.

యూట్యూబ్‌లో డాక్టరు కోటు వేసుకుని చెప్పేవారు నిజంగా డాక్టర్లేనా?

చూసి తేల్చుకోవచ్చు. జాతీయ వైద్య కమిషన్ సైటులో భారత వైద్య రిజిస్టరు ఉంది. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రాష్ట్ర కౌన్సిల్‌తో వెతకొచ్చు. ఒకే పేరుతో పదిమంది వస్తే చదివిన విశ్వవిద్యాలయం, రిజిస్టరైన ఏడాది కలుస్తున్నాయా చూడండి. కొత్తగా చేరినవారి పేరు రావడానికి ఆలస్యం కావొచ్చు, అప్పుడు ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ వైద్య మండలిలో వెతకండి. ఆయుర్వేద, హోమియో వైద్యులకు వేరే రిజిస్టర్లున్నాయి.

డిగ్రీ నిజమైనా, ఎముకల డాక్టరు థైరాయిడ్ గురించి చెబుతుంటే అది ఆయన రంగం కాదు. 2023 ఆగస్టులో వచ్చిన నిబంధనల ప్రకారం ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత చెప్పాలి, డబ్బు తీసుకుని చెబితే ఆ సంగతీ చెప్పాలి. పేరున్న వైద్యుల ముఖం, గొంతు యంత్రంతో సృష్టించి షుగర్ మందులు అమ్మే వీడియోలు కూడా వస్తున్నాయి. ఆ డాక్టరు సొంత ఛానెల్లో అదే వీడియో లేకపోతే నమ్మొద్దు.

వాట్సాప్‌లో వచ్చినవి?

రెండు బాణాల గుర్తుతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అని ఉంటే మీకు పంపినవారికి కూడా దాన్ని రాసిందెవరో తెలియదు. అందులోని ముఖ్యమైన వాక్యం ఒక్కటి తీసి గూగుల్‌లో వెతకండి. బొమ్మ అయితే గూగుల్ లెన్స్‌తో వెతకండి. పెద్దవాళ్ళు గ్రూపులో పెట్టినప్పుడు అందరి ముందూ తప్పని అనకుండా, విడిగా ‘మామయ్యా, దీని మీద వీళ్ళు ఇలా రాశారు’ అని మంచి లింకు పంపితే చదువుతారు.

ఏఐని అడగొచ్చా?

రిపోర్టులోని మాటలకు అర్థం తెలుసుకోవడానికి, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది. మోతాదుకు, మందు ఆపాలా వద్దా అన్నదానికి వద్దు. గర్భం, కిడ్నీ జబ్బు, వాడుతున్న ఇతర మందులు మీరు చెప్పకపోతే అది చాలాసార్లు అడగదు, అడగకుండానే ధీమాగా జవాబిస్తుంది. లేని పరిశోధన వ్యాసాల పేర్లు కూడా కల్పించగలదు. ఆధారం అడిగి, ఇచ్చిన లింకు తెరిచి, ఆ వాక్యం అక్కడుందో లేదో కళ్ళారా చూడండి. రిపోర్టు ఫొటో పెట్టేముందు పేరు, ఫోను నంబరు, ఆస్పత్రి ఐడీ కత్తిరించండి.

వెతకడం ఎప్పుడు ఆపాలి?

ఛాతీలో బిగపట్టినట్టుండి చెమటలు పడుతుంటే, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వస్తున్నా వెతకొద్దు, 108కి ఫోను చెయ్యండి. పక్షవాతంలో మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలరు. అందుకే లక్షణం మొదలైన సమయం రాసి పెట్టుకోండి. పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కదలకుండా ఆస్పత్రికి చేర్చండి. కుక్క కరిస్తే సబ్బు, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. పురుగుమందు తాగినవారిని బలవంతంగా కక్కించొద్దు. ఎయిమ్స్ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. మనసు బాగా లేక, చనిపోవాలనిపిస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నెట్‌లో చదివింది డాక్టరుకు చెబితే కోప్పడతారేమో?

ఇరవై పేజీల ప్రింటవుట్లతో వెళితే కోప్పడవచ్చు. ఒక చిన్న కాగితం మీద వాడుతున్న మందులన్నీ (ఆయుర్వేదం, పొడులు కూడా), మూడు ప్రశ్నలు రాసుకెళ్ళండి. ‘నాకు ఈ జబ్బే అనుకుంటా’ అనకుండా, ‘నాకు ఇది కాదని ఎలా చెప్పొచ్చు?’ అని అడగండి. ‘ఈ మందు వాడకపోతే ఏమవుతుంది?’ ‘ఏం కనిపిస్తే వెంటనే రావాలి?’ అన్నవి మిగతా రెండు. ఎంత రద్దీలో ఉన్న డాక్టరైనా వీటికి జవాబు చెబుతారు.

‘షుగర్ శాశ్వతంగా పోతుంది’ అన్న ప్రకటన కనిపించింది. ఫిర్యాదు చెయ్యొచ్చా?

తప్పక చెయ్యండి. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం మధుమేహం, క్యాన్సర్, బీపీ, పక్షవాతం, ఊబకాయం, ఎత్తు పెరగడం సహా 54 జబ్బులు, లోపాల పట్టిక ఇచ్చి, వాటిని నయం చేస్తామంటూ మందులకు ప్రకటన ఇవ్వడాన్నే నిషేధించింది. ముందు స్క్రీన్‌షాట్ తియ్యండి. అందులో తేదీ, పేజీ చిరునామా, అమ్మేవారి పేరు కనిపించాలి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్ళేలోగా ప్రకటన మాయమవుతుంది. మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీకి వాట్సాప్‌లో 77100 12345కు పంపొచ్చు. ఆహార సప్లిమెంటు అయితే డబ్బా మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు కూడా రాసి ఆ సంస్థకే పంపండి. డబ్బా మీద ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని రాసి, ప్రకటనలో మాత్రం జబ్బు తగ్గుతుందని చెప్పి ఉంటే ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన జతచెయ్యండి.